క్యూ పాయింటు

క్యూ పాయింటు అనగా వీడియో నడుస్తున్నప్పుడు నిర్ణీత క్షణంలో ఒక చర్య జరిగేటట్లు కాలరేఖపై ఉంచే గుర్తు. "క్యూ" అనే మాట నాటకరంగం నుండి వచ్చింది. నటుడు తన సంభాషణను ఎప్పుడు అందుకోవాలో తెలిపే సంకేతమే క్యూ. అదే విధంగా వెబ్ వీడియో ఒక క్షణానికి చేరగానే తెరపై ప్రశ్న కనిపించడం, పక్కనున్న పటం మారడం వంటివి ఈ గుర్తుల వలన జరుగుతాయి.

ఫ్లాష్ వీడియోలో

2005లో మాక్రోమీడియా సంస్థ విడుదల చేసిన ఫ్లాష్ 8లో ఈ సౌకర్యం ఉండేది. ప్రతి గుర్తుకు పేరు, సమయం, రకం ఉండేవి. ఇందులో మూడు రకాలు:

* ఈవెంట్: వీడియో ఫైలులోనే పొందుపరచినది. ఆ క్షణం రాగానే ప్రోగ్రాముకు సంకేతం అందుతుంది.
* నావిగేషన్: ఇదికూడా ఫైలులోనిదే. గుర్తు ఉన్నచోట కీఫ్రేమ్ ఏర్పడుతుంది కనుక ప్రేక్షకుడు నేరుగా అక్కడికి వెళ్ళవచ్చు.
* యాక్షన్‌స్క్రిప్ట్: ఫైలులో కాక ప్రోగ్రాములో వ్రాసినది.

మొదటి రెండింటికి కచ్చితత్వం ఎక్కువ. కాని వాటిని మార్చాలంటే సాధారణంగా వీడియోను మరల ఎన్‌కోడ్ చేయాలి. మూడవదానిని సులభంగా మార్చవచ్చు, కచ్చితత్వం కొంత తక్కువ.

మాక్రోమీడియాను 2005లోనే అడోబి కొనుగోలు చేసింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయరుకు అడోబి మద్దతు ముగిసింది. పాత వీడియోలను ఇతర రూపాలలోకి మార్చుకోవచ్చు. అయితే గుర్తులకు స్పందించే ప్రోగ్రాము నేటి బ్రౌజర్లలో దానంతట అది నడవదు. అందువలన అటువంటి పాఠాలలో దృశ్యం మిగిలినా, ప్రశ్నలను తిరిగి అమర్చుకోవలసి ఉంటుంది.

హెచ్‌టిఎమ్‌ఎల్ 5లో

హెచ్‌టిఎమ్‌ఎల్ 5 ప్రమాణంలో గుర్తులను వీడియోకు వెలుపల, వెబ్‌విటిటి అనే సాదా పాఠ్య ఫైలులో వ్రాస్తారు. దానిని "ట్రాక్" అనే ట్యాగు ద్వారా వీడియోకు జతచేస్తారు. ఉపశీర్షికలకు, అధ్యాయాల పేర్లకు కూడా ఇదే పద్ధతి. "మెటాడేటా" రకపు ట్రాకు మాత్రం తెరపై కనిపించదు, జావాస్క్రిప్టుకే అందుతుంది.

ఉదాహరణకు, లోలకం గురించిన పాఠంలో 2 నిమిషాల 15 సెకన్ల వద్ద ప్రశ్న అడగాలనుకుందాం. ఫైలులో ఇలా వ్రాయాలి:

00:02:15.000 --> 00:02:25.000
ప్రశ్న-1

ఆ సమయం రాగానే బ్రౌజరు సంకేతం ఇస్తుంది. జావాస్క్రిప్టు వీడియోను ఆపి ప్రశ్నను చూపుతుంది. ప్రశ్నను మరొక చోటికి జరపాలంటే ఈ ఒక్క పంక్తిని దిద్దితే చాలు, వీడియోను ముట్టుకోనక్కరలేదు.

జాగ్రత్తలు

గుర్తులకు బదులు ప్రోగ్రామే వీడియో సమయాన్ని పరిశీలిస్తూ ఉండవచ్చు. కాని బ్రౌజరు ఆ సమయాన్ని సుమారు 15 నుండి 250 మిల్లీసెకన్లకు ఒకసారి మాత్రమే తెలుపుతుంది. కనుక "సరిగ్గా 135వ సెకను" అని పోల్చితే ఆ క్షణం తప్పిపోవచ్చు. "135 దాటిందా" అని చూడాలి.

ప్రేక్షకుడు వీడియోను ముందుకు జరిపితే మధ్యలో దాటిపోయిన గుర్తులు సంకేతం ఇవ్వవు. ప్రతి ప్రశ్నకు సమాధానం తప్పనిసరి అయినప్పుడు, ఏవి పూర్తయినవో ప్రోగ్రాము విడిగా నమోదు చేసుకోవాలి. లేనిచో విద్యార్థి ప్రశ్నలన్నీ దాటవేసి పాఠం చివరికి చేరగలడు.