మీకు తెలుసా? అద్దె క్యాసెట్టు, తెల్లవార్లూ సినిమా

• జపాన్ సంస్థ జేవీసీ 1976లో వీహెచ్ఎస్ వీడియో క్యాసెట్టు తెచ్చింది. ఏడాది ముందే వచ్చిన సోనీ బీటామ్యాక్స్ టేపులో మొదట గంటే పట్టేది. వీహెచ్ఎస్‌లో రెండు గంటలు.

• వీహెచ్ఎస్‌లోనే ఈ-180 రకం క్యాసెట్టులో మూడు గంటలు, అంటే ఒక తెలుగు సినిమా మొత్తం పట్టేది. లోపలి టేపు వెడల్పు అరంగుళం, పొడవు దాదాపు 250 మీటర్లు.

• క్యాసెట్టు అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేస్తే దానిమీద మళ్లీ రికార్డు కాదు. ఆ ఖాళీని సెల్లోటేపుతో మూస్తే అయ్యేది!

• 1982లో దేశంలోకి కలర్ టీవీ వచ్చింది. ఆపై ఊళ్లలో టీవీ, డెక్కు (వీసీఆర్), మూడు నాలుగు క్యాసెట్లు అద్దెకు తెచ్చి, వినాయక చవితి పందిళ్ల దగ్గర తెల్లవార్లూ సినిమాలు వేసేవారు.

• అంతకుముందు టూరింగ్ టాకీసుల కాలంలో, ఘంటసాల పాడిన వేంకటేశ్వరస్వామి పాట మైకులో వినిపిస్తే ఆట మొదలవుతున్నట్టే. నేల టికెట్టుకు పరుగులే!

• వీసీఆర్లు తయారుచేస్తూ చివరిదాకా మిగిలిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జులైలో వాటి తయారీ ఆపేసింది. టేపు మీది బొమ్మ ఏళ్లు గడిచేకొద్దీ మసకబారుతుంది. బీరువాలో అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్టు ఉంటే, ఇప్పుడే డిజిటల్‌లోకి మార్పించండి.