అలిపిరి మండపాల పూచీ ఎవరిది?

అలిపిరిలో మెట్లదారి మొదలయ్యే చోట పాదాల మండపం ఉంది. భక్తులు పాదుకలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణం చేశాకే కొండెక్కడం మొదలెడతారు. మొక్కున్న ఆడవాళ్లు మెట్టుమెట్టుకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగిస్తూ పోతారు. సుమారు 3,550 మెట్లు మరి! ఇది మ్యూజియం కాదు. జనం పెరిగేకొద్దీ దారి వెడల్పవ్వాలి, కప్పు పడాలి, నీళ్లు రావాలి. చిక్కంతా అక్కడే.

2023లో తిరుమలలోని పారువేట మండపాన్ని విప్పి కొత్తగా కట్టారు. ఆ ఏడాది చివర్లో పాదాల మండపం దగ్గరి పాత రాతి మండపం వంతు రాగానే తిరుపతిలో గొడవ లేచింది. శిథిలమైంది, ఎవరి మీదైనా కూలితే ఎలా అన్నది టీటీడీ వాదన. పడగొట్టకుండా బాగుచేయలేరా అని ఎదుటివాళ్లు అడిగారు.

రెండు మాటలూ కొట్టిపారేయదగ్గవి కావు. అయితే ఊరి అనుమానానికి పాత గాయం ఒకటుంది. శ్రీవారి ఆలయం ఎదుట 1464లో, సాళువ నరసింహుడి కాలంలో కట్టిన వేయికాళ్ల మండపాన్ని 2003లో మాస్టర్ ప్లాన్ పేరుతో తొలగించారు. మళ్లీ కడతామన్న మాట ఇరవై ఏళ్లకు కూడా నెరవేరలేదు.

రాతి కట్టడాన్ని విప్పి నిలబెట్టడం రానిపనేం కాదు. శ్రీశైలం జలాశయంలో మునగాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయం ఇప్పుడు అలంపురంలో ఉంది. ముందు ప్రతి రాయికీ నంబరు వేయాలి, కొలతలూ ఫొటోలూ తీయాలి, ఏది దేని మీద కూర్చుందో రాసుకోవాలి. అది జరక్కపోతే క్రేను దించేవి వట్టి బండలే. విచిత్రమేమంటే ఈ శ్రద్ధ దేవస్థానానికి కొత్త కాదు. 1930లలోనే సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి చేత తిరుమల శాసనాలను చదివించి సంపుటాలుగా అచ్చు వేయించింది.

ఈ మండపాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షిత జాబితాలో లేవు. 2018 మేలో ఆ శాఖ టీటీడీ ఆలయాల పరిశీలనకు లేఖ రాసి, నిరసనలు రాగానే వెనక్కి తీసుకుంది. అంటే దారి వెడల్పు చేసేదీ, ఏది ఉంచాలో తేల్చేదీ ఒకే సంస్థ.

చట్టం అడ్డు రాని చోట ఏమవుతుందో ఆస్ట్రేలియా చూపింది. అక్కడ 2020 మేలో రియో టింటో కంపెనీ ఇనుప ఖనిజం కోసం జూకన్ కనుమలోని గుహలను పేల్చేసింది. 46,000 ఏళ్ల కిందటే మనుషులు మసలిన చోటది. ఆ నేల వారసులైన ఆదివాసులు వద్దన్నారు. చట్టప్రకారం అనుమతి మాత్రం కంపెనీ చేతిలో ఉంది! ఆ గొడవలో దాని అధిపతి పదవి పోయింది. గుహలు తిరిగి రాలేదు.

అలిపిరిలో ఇంకా సమయముంది. విప్పకముందే కొలతల పటం, రాళ్ల నంబర్లు, మళ్లీ కట్టే గడువు రాసి మండపం పక్కనే బోర్డు పెట్టొచ్చు. పసుపు కుంకుమలతో ఎక్కే భక్తురాలు కూడా ఆగి చదువుకుంటుంది, సందేహముంటే అడుగుతుంది.