బొగ్గు ఊళ్లో కూర్చుని ఆడితే... ‘గ్యాదరింగ్ స్టార్మ్’ డబ్బులకు తగ్గ ఎక్స్‌పాన్షనేనా?

“అన్నా, సివిలైజేషన్ 6 నా లైబ్రరీలో ఊరికే పడుంది. గ్యాదరింగ్ స్టార్మ్ కొంటే పైసలు వేస్టా?”

మణుగూరులో మా లైన్‌లో ఉండే తమ్ముడొకడు మొన్న అడిగిన ప్రశ్న ఇది. 2020 మే నెలలో లాక్‌డౌన్ నడుస్తుండగా ఎపిక్ గేమ్స్ స్టోర్ వారం రోజులు సివిలైజేషన్ 6 బేస్ గేమ్‌ను ఫ్రీగా ఇచ్చింది. అప్పుడు క్లెయిమ్ చేసుకుని, నాలుగు రోజులు ఆడి, పక్కన పెట్టేసినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. ఆట ఫ్రీ. కానీ ఎక్స్‌పాన్షన్‌కు మాత్రం జేబులోంచి డబ్బు తీయాలి. అందుకే “బాగుందా?” అనే ప్రశ్న సరిపోదు. “దీనికి డబ్బు పెట్టొచ్చా?” అని అడగాలి.

నేను వాడికి వెంటనే జవాబు చెప్పలేదు. లాప్‌టాప్ ముందు కూర్చుని ఇంకో రెండు మ్యాచ్‌లు పూర్తిగా ఆడాను. ఒకటి బేస్ గేమ్‌లో, ఒకటి ఎక్స్‌పాన్షన్‌తో. ఈ ఆర్టికల్ అందులోంచి వచ్చిందే.

ముందు ధర సంగతి

గ్యాదరింగ్ స్టార్మ్ 2019 ఫిబ్రవరి 14న వచ్చింది. డెవలపర్ ఫిరాక్సిస్, పబ్లిషర్ 2కే. అమెరికాలో లాంచ్ ధర 39.99 డాలర్లు. అప్పటి డాలర్ లెక్కన దాదాపు 2,800 రూపాయలు. ఏడాది ముందు, 2018 ఫిబ్రవరిలో వచ్చిన మొదటి ఎక్స్‌పాన్షన్ ‘రైజ్ అండ్ ఫాల్’ ధర 29.99 డాలర్లు. అంటే రెండూ కలిపితే ఒక కొత్త పెద్ద గేమ్ కొన్నంత ఖర్చు.

2025 ఫిబ్రవరిలో సివిలైజేషన్ 7 కూడా వచ్చేసింది. కాబట్టి 6కు సంబంధించి ఏదైనా పూర్తి ధర పెట్టి కొనడం ఇప్పుడు తెలివైన పని కాదు. స్టోర్లలో పెద్ద సేల్ పడినప్పుడు ఈ సిరీస్ ధరలు బాగా కిందికి వస్తుంటాయి. ఒక్కోసారి విడి ఎక్స్‌పాన్షన్ కంటే అన్నీ కలిపిన బండిలే చవకగా పడుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే పే బటన్ నొక్కండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. గ్యాదరింగ్ స్టార్మ్ ఆడాలంటే రైజ్ అండ్ ఫాల్ కూడా తప్పనిసరి అనుకుంటారు. అవసరం లేదు. గవర్నర్లు, లాయల్టీ, స్వర్ణ యుగం, చీకటి యుగం లాంటి రైజ్ అండ్ ఫాల్ సిస్టమ్స్ గ్యాదరింగ్ స్టార్మ్‌లోనే వచ్చేస్తాయి. రానివి ఆ మొదటి ప్యాక్‌లోని దేశాలు, నాయకులు, వండర్లు మాత్రమే. ఇండియాకు గాంధీ బదులు చంద్రగుప్త మౌర్యుడితో ఆడాలనుకుంటే మాత్రం రైజ్ అండ్ ఫాల్ ఉండాల్సిందే.

ఇంకో జాగ్రత్త: బేస్ గేమ్ ఎపిక్‌లో ఉంటే ఎక్స్‌పాన్షన్ కూడా ఎపిక్‌లోనే కొనాలి. స్టీమ్‌లో సేల్ ఉంది కదా అని అక్కడ కొంటే మీ ఎపిక్ గేమ్‌కు అది పనికిరాదు.

కొత్తగా ఏం వచ్చింది?

లిస్ట్ చూస్తే పెద్దదే. ఎనిమిది కొత్త దేశాలు, తొమ్మిది మంది నాయకులు. మాలి రాజు మన్సా మూసా, ఒట్టోమన్ సులేమాన్, ఇంకాల పచకూటి, నడి సముద్రంలో ఆట మొదలుపెట్టే మావోరి కూపె... ఎవరితో ఆడినా ఆట తీరు వేరేగా ఉంటుంది. వరల్డ్ కాంగ్రెస్, డిప్లొమాటిక్ విక్టరీ, కాలువలు, సొరంగాలు, రైలు మార్గాలు అన్నీ ఉన్నాయి.

కానీ లిస్ట్ పొడుగును బట్టి ఎక్స్‌పాన్షన్ విలువ కట్టకూడదు. నేను చూసేది ఒక్కటే. ఇది వచ్చాక నేను తీసుకునే నిర్ణయం మారిందా? కొత్త బొమ్మలు వచ్చి, పాత నిర్ణయాలే మళ్లీ తీసుకుంటుంటే అది రంగు మార్చిన పాత బండే. ఈ పరీక్షలో గ్యాదరింగ్ స్టార్మ్ పాసైంది. పాస్ చేయించింది ఏంటంటే, మా ఊరికి బాగా తెలిసిన వస్తువు. బొగ్గు.

బొగ్గుకు లెక్క వచ్చింది

బేస్ గేమ్‌లో బొగ్గు పెద్ద విషయం కాదు. గనిని కబ్జాలో పెట్టుకుంటే కొన్ని యుద్ధనౌకలు కట్టుకోవచ్చు. తమాషా ఏంటంటే, అక్కడ పవర్ ప్లాంట్ నడవడానికి బొగ్గే అక్కర్లేదు! సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల పక్కన, 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ పవర్ స్టేషన్ ఉన్న ఊళ్లో కూర్చుని ఆడేవాడికి ఇది ఎంత వింతగా ఉంటుందో ఆలోచించండి.

గ్యాదరింగ్ స్టార్మ్‌లో కథ మారిపోయింది. బొగ్గు టర్న్ టర్న్‌కూ స్టాక్‌లో చేరుతుంది, వాడితే తరిగిపోతుంది. రైలు మార్గం వేయాలంటే ప్రతి గడికీ ఒక యూనిట్ బొగ్గు, ఒక యూనిట్ ఇనుము ఖర్చవుతాయి. ఫ్యాక్టరీ, రీసెర్చ్ ల్యాబ్ లాంటివి పూర్తి ఫలితం ఇవ్వాలంటే సిటీకి కరెంటు కావాలి. ఒక యూనిట్ బొగ్గు కాలిస్తే 4 పవర్ వస్తుంది. ఆయిల్‌కూ అంతే. యురేనియంకైతే 16. కాకపోతే ఆ రెండూ టెక్ ట్రీలో తర్వాత వస్తాయి. ముందు చేతికొచ్చేది బొగ్గే. అందరికంటే ముందు ప్లాంట్ కట్టినవాడి ప్రొడక్షన్ దూసుకుపోతుంది.

కాల్చిన ప్రతి యూనిట్‌కూ కార్బన్ లెక్కలో పడుతుంది. అందులో ఎక్కువ పొగ బొగ్గుదే. ప్రపంచం వేడెక్కేకొద్దీ మంచు కరుగుతుంది, తుఫాన్లు, వరదలు, కరువులు పెరుగుతాయి, తీరంలోని పల్లపు గడులు మెల్లగా నీళ్లలోకి వెళ్లిపోతాయి. ఏ దేశం ఎంత కార్బన్ వదిలిందో క్లైమేట్ స్క్రీన్‌లో పేర్లతో సహా కనిపిస్తుంది. అక్కడ నా పేరు మొదటి వరుసలో చూసినప్పుడు నిజంగానే కొంచెం గిల్టీగా అనిపించింది.

నా రెండు మ్యాచ్‌ల మధ్య తేడా ఇక్కడే. బేస్ గేమ్‌లో ఫ్యాక్టరీ యుగం వచ్చేసరికి నేను దాదాపు నిద్రలో నెక్స్ట్ టర్న్ నొక్కుతున్నాను. గెలుపు ఖాయం, మిగిలింది క్లిక్కులే. ఎక్స్‌పాన్షన్‌లో మాత్రం సరిగ్గా ఆ టైమ్‌కే ఆట వేడెక్కింది. ఈ బొగ్గు రైలుకా, ప్లాంటుకా? ఇప్పుడే వేగం కావాలా, లేక డ్యామ్, సోలార్ వచ్చేదాకా ఓపిక పట్టాలా? సివిలైజేషన్ ఆటల్లో చివరి వంద టర్న్‌లు బోర్ అనేది పాత కంప్లయింట్. ఆ రోగానికి ఇది పూర్తి మందు కాకపోయినా, బాగానే పనిచేసింది.

గోదావరి గుర్తొచ్చిన చోట

రెండో మార్పు నదులు. ఒడ్డున మెత్తటి నేల చూసి సిటీ కడితే, ఎప్పుడో ఒకప్పుడు వరద వస్తుంది. పొలాలు పోతాయి, జనాభా తగ్గుతుంది. నీళ్లు తీశాక అదే నేలలో పంట పెరగొచ్చు కూడా. కాబట్టి నది పక్కన ఉండటం లాభమా నష్టమా అని ప్రతి ఆటలో మళ్లీ మళ్లీ తూకం వేయాల్సిందే.

మాకు ఇది బొమ్మలాట కాదు. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద గురించి పెద్దవాళ్లు చెబితే విన్న మా వయసువాళ్లం, దానికి దగ్గరగా వచ్చిన నీళ్లను ఆ వారం కళ్లారా చూశాం. గేమ్‌లో “వెయ్యేళ్లకోసారి వచ్చే వరద” అనే నోటిఫికేషన్ పడగానే నేను మౌస్ మీద చెయ్యి తీసేశాను.

కానీ గేమ్‌లో దానికి మందు చాలా సులువు. డ్యామ్ కట్టేస్తే ఆ నది వరద నష్టం ఆగిపోతుంది. ముంపు ఊళ్లు ఉండవు, ఖాళీ చేయాల్సిన గూడేలు ఉండవు, పరిహారం గొడవ ఉండదు. పోలవరం ముంపు మండలాల మాట వింటూ పెరిగినవాళ్లకు ఈ లోటు కనబడకుండా ఉండదు. అడవి గడి కూడా అంతే. నరికితే ఇంత ప్రొడక్షన్, ఉంచితే ఇంత. అందులో బతికే కోయ మనుషులు మాత్రం ఎక్కడా కనిపించరు.

నచ్చనివి

డిజైన్‌లోనే ఒక పెద్ద లొసుగు ఉంది. సముద్రానికి దూరంగా దేశం కట్టుకున్నవాడికి సముద్ర మట్టం పెరిగినా పెద్దగా పోయేదేం లేదు. లోపల కూర్చుని బొగ్గంతా కాల్చేసి, తీరంలో ఉన్న ప్రత్యర్థిని ముంచేయొచ్చు. పొగ ఎక్కువ వదిలితే దౌత్యంలో కొంత దెబ్బ తగులుతుంది నిజమే. యుద్ధంతోనో సైన్స్‌తోనో గెలవాలనుకునేవాడు దాన్ని లెక్కచేయడు. మణుగూరూ సముద్రానికి దూరమే. అయినా 2022లో నీళ్లు మా దాకా వచ్చాయి కదా!

ఇంకోటి. బొగ్గు ప్లాంట్ మూసేయడం గేమ్‌లో సిటీకి ఒక ప్రాజెక్ట్ మాత్రమే. కొన్ని టర్న్‌లలో అయిపోతుంది, ఎవరి ఉద్యోగమూ పోదు. మా ఊళ్లో షిఫ్ట్ సైరన్‌తో రోజు మొదలయ్యే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కిరాణా కొట్టు నుంచి ట్యూషన్ ఫీజు దాకా బొగ్గు జీతం మీదే నడుస్తుంది. ఇదే ప్రాంతంలో అణు విద్యుత్ కేంద్రాలకు భారజలం తయారు చేసే ప్లాంట్ ఉంది, సింగరేణి సోలార్ ప్యానళ్లు కూడా ఉన్నాయి. అంటే గేమ్ టెక్ ట్రీలోని మూడు దారులూ మా చుట్టుపక్కలే కనిపిస్తాయి. ఒక దారి నుంచి ఇంకో దారికి మారేటప్పుడు మనుషులు ఏమవుతారన్నదే అసలు కష్టమైన ప్రశ్న. గేమ్ దాన్ని ముట్టుకోలేదు.

ప్రత్యర్థి ఏఐ తెలివితేటలు కూడా అంతంత మాత్రమే. కష్టం పెంచితే దానికి బోనస్‌లు పెరుగుతాయి తప్ప బుర్ర పెరగదు. వరల్డ్ కాంగ్రెస్ తీర్మానాలు కొన్ని మరీ లాటరీలా ఉంటాయి.

మన పేరున్న ప్యాక్ కొంటే?

“ఇదే డబ్బుకు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో మన ఇండియా ప్యాక్ వస్తది కదన్నా” అని తమ్ముడు మళ్లీ అడిగాడు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ‘డైనాస్టీస్ ఆఫ్ ఇండియా’ గురించి. ద్రవిడులు, బెంగాలీలు, గుర్జరులు అందులో కొత్త. రాజేంద్ర చోళుడి క్యాంపెయిన్ ఉంది. కాకతీయులకు క్యాంపెయిన్ లేదు. 9.99 డాలర్ల లాంచ్ ధరకు అది మంచి డీలే. అయితే అది ఉన్న ఆటకు కొత్త సైన్యాల్ని ఇస్తుంది. గ్యాదరింగ్ స్టార్మ్ ఆట రూల్‌నే మారుస్తుంది. ఫాస్ట్ యుద్ధం ఇష్టమైతే అది, ఆలోచన ఇష్టమైతే ఇది.

చిన్న లాప్‌టాప్‌లో నడుస్తుందా?

నడుస్తుంది. టర్న్‌ల ఆట కాబట్టి ఫ్రేమ్ రేట్ పడినా ఓడిపోరు. ఆట ముదిరేకొద్దీ టర్న్ లోడింగ్ టైమ్ మాత్రం పెరుగుతుంది. చిన్న మ్యాప్ పెట్టుకోండి, గ్రాఫిక్స్ తగ్గించండి, మరీ ఇబ్బందైతే స్ట్రాటజిక్ వ్యూలోకి మారండి. ఆటోసేవ్‌ను ప్రతి టర్న్‌కూ పెట్టుకుంటే కరెంటు పోయినా బాధ లేదు. సింగిల్ ప్లేయర్‌కు నెట్ లేకపోయినా ఫరవాలేదు.

చివరి మాట

పూర్తి ధరకు: వద్దు. సేల్‌లో సగం కంటే బాగా తక్కువకు వస్తే: కళ్లు మూసుకుని కొనొచ్చు. బేస్ గేమ్‌లో ఒక్క మ్యాచ్ కూడా పూర్తి చేయకపోతే: ముందు అది పూర్తి చేయండి, నచ్చితేనే ఇటు రండి. మొత్తం బండిల్ మీ లైబ్రరీలో ఇప్పటికే ఉందేమో కూడా ఒకసారి చూసుకోండి.

తమ్ముడికి ఇదే చెప్పాను. వాడు సేల్ కోసం ఆగి కొన్నాడు. నాలుగు రోజుల తర్వాత మెసేజ్ పెట్టాడు: “అన్నా, ప్లాంట్ బంద్ చేయాల్నా వద్దా? బంద్ చేస్తే వెనకబడతా, చేయకపోతే ఒడ్డు మునుగుతది.”

ఆ ప్రశ్న బేస్ గేమ్ వాడిని ఎప్పుడూ అడగలేదు. కొన్న డబ్బులు అక్కడే వసూలైనట్టు.