ఏడు వృషభములు, ఒక కన్య మనసు

చల్లపల్లికి చేరువనున్న కూచిపూడివారి భామాకలాపమును చూచినవారికి సత్య యనగా సత్యభామయే. రుక్మిణిపై సవతిమత్సరమున కుమిలిన నాయిక. కాని శ్రీకృష్ణుని అష్టమహిషులలో మరియొక సత్య కలదు. ఆమె కోసలరాజగు నగ్నజిత్తు కూతురు. నాగ్నజితి యనియు పేరు.

ఆమె కథ భాగవత దశమస్కంధమున నున్నది. వాడికొమ్ములుగల 7 వృషభములను లొంగదీసినవానికే కన్య నిత్తునని తండ్రి నియమము. ఎందరో రాజపుత్రులు అవయవములు విరిగి ఓడిరి. కృష్ణుడు 7 రూపములు దాల్చి, బాలుడు కొయ్యబొమ్మలనువలె, వానిని త్రాళ్ళతో గట్టి యీడ్చెను. ఓడిన రాజులు ఓర్వలేక, వధూవరుల దారి కడ్డుపడగా అర్జునుడు వారిని పారద్రోలెను.

అమెరికా పశుపాలకుల రోడియో క్రీడయందును ఇట్టి పందెము కలదు. పొగరుబోతు ఎద్దుపై 8 సెకండ్లు నిలువవలెను. ఇట్టి పందెములవలన బలము తెలియును; మనసు తెలియదు.

పందెమునకు ముందే, కృష్ణుని చూచినంతనే, తన వ్రతములు ఫలించి ఇతడే పతి కావలెనని సత్య కోరుకొనెను. ఆ కోరిక నడిగినవారు కథలో లేరు. వేరొకడు గెలిచియుండిన నామె గతి యేమి? నేడు మనము వరుని చదువును, ఆస్తిని, ఉద్యోగమును తూచుచున్నాము. తల్లులారా! ఆ తూనికకు ముందు బిడ్డ నొక్కమాట యడుగుడు.