ఒకే కిటికీ, పద్నాలుగు వెలుగులు

పోయిన వానాకాలంలో ఐదో తరగతి అమ్మాయి ఒకతె రోడ్డు బొమ్మకు ఊదా రంగు వేసుకొచ్చింది. "రోడ్డు నల్లగా ఉంటుంది, దిద్దుకో" అన్నాను. "వాన పడ్డాక ఇట్లే కనపడింది టీచర్" అంది. నాకు జవాబు తోచలేదు. తరువాత కామీ పిసారో బొమ్మలు చూస్తుంటే ఆ మాట గుర్తొచ్చి సిగ్గేసింది.

ఫ్రాన్సులో ఇంప్రెషనిస్టులనే చిత్రకారుల బృందానికి పిసారో పెద్దదిక్కు. పొలాలు, పల్లెలు ఆరుబయట కూర్చుని గీసిన మనిషి. వయసు మళ్లాక కంటి జబ్బు పట్టుకుంది. గాలి, దుమ్ము సోకితే కన్ను బాధపెట్టేది. బయట గీయడం కుదరక, 1897 ఫిబ్రవరిలో పారిస్‌లో ఒక హోటల్ గది అద్దెకు తీసుకున్నాడు. అప్పటికి 66 ఏళ్లు. కిటికీ కింద బులెవార్డ్ మోంమార్త్ర్, రెండు వైపులా చెట్లున్న వెడల్పాటి వీధి. రెండు నెలల్లో ఆ ఒక్క వీధినే 14 సార్లు గీశాడు!

మేడలు అవే, చెట్లు అవే. మారింది వెలుగూ గాలీ. చలికాలపు పొద్దున దూరపు మేడలు బూడిద రంగు మసకలో కలిసిపోతాయి. ఎండ కాసిన మధ్యాహ్నం అవే మేడలు లేత పసుపుగా కనిపిస్తాయి. వాన రోజున రోడ్డు తన రంగు వదిలేసి ఆకాశం రంగు పూసుకుంటుంది. నీడలకు నల్ల రంగు బదులు నీలం, ఊదా వాడటం ఈ బృందానికి అలవాటు. మా అమ్మాయి చేసిందీ అదే మరి.

మనుషులకు ముక్కూ చెవులూ ఉండవు, కుంచె అంటించిన మచ్చలే. 1874లో ఈ బృందం తొలి ప్రదర్శనలో క్లోద్ మోనే గీసిన వీధి జనాన్ని చూసి, ఆ నల్ల మరకలేమిటని ఒక విమర్శకుడు ఎగతాళి చేశాడు. మేడ మీద నుంచి సంత రోజు జనాన్ని చూడండి, ఎన్ని ముఖాలు కనిపిస్తాయో!

పద్నాలుగింటిలో రాత్రి దృశ్యం ఒక్కటే. వీధి మధ్య విద్యుద్దీపాలు తెల్లగా, దుకాణాల వెలుగు నారింజ రంగులో, తడి రోడ్డు మీద ఆ రెండూ సాగిపోతూ ఉంటాయి. ఇప్పుడది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. దాని మీద పిసారో సంతకం చేయలేదు, బతికుండగా ప్రదర్శనకూ పెట్టలేదు.

ఈ వారం మా తరగతి కిటికీలోంచి కనిపించే వీధిని పిల్లలతో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గీయిస్తున్నాను. నల్ల క్రేయాన్లు మాత్రం నా బల్ల సొరుగులో ఉన్నాయి.