చక్కెర పడనిచోటనే చిత్రము

స్పెయినులోని శాంతియాగో నగరమున అపొస్తలుడగు యాకోబు సమాధి కలదని క్రైస్తవ యాత్రికుల విశ్వాసము. అచటి బాదముకేకు బహుకాలముగా ప్రసిద్ధము. దానిపై కానవచ్చు ఖడ్గాకారపు శిలువను మాత్రము 1924లో మోరా అను మిఠాయి అంగడివారు ప్రవేశపెట్టిరి.

పద్ధతి సులభము. చల్లారిన కేకుపై శిలువగా కత్తిరించిన అట్టను ఉంచి, మెత్తని చక్కెరపొడిని జల్లెడతో చల్లుదురు. పిదప అట్టను నిలువుగా పైకెత్తుదురు. ప్రక్కకు జరిగినచో అంచు చెదరును. కేకు వేడిగా నున్నచో పొడి కరగును. జాగ్రత్తగా తీసినచో తెల్లని పొడినడుమ గోధుమవన్నె శిలువ నిలుచును.

2010లో ఐరోపా సమాఖ్య ఈ కేకునకు భౌగోళిక గుర్తింపు నొసగినది. మిశ్రమమున కనీసము 33 శాతము బాదము ఉండవలెనని నియమము. రుచి బాదమువలన వచ్చినది. రూపము చక్కెర చల్లక విడిచినచోట వెలసినది. చేర్చుటయే కాదు, విడుచుటయు కళయే.