గింజ మరతో కూడిన కాఫీ యంత్రము



కాఫీ గింజను తానే విసరి, ఆ పొడిమీద వేడినీరు పోసి, పానీయమును గిన్నెలోనికి దింపు విద్యుద్యంత్రములు నేడు అంగళ్లలో దొరకుచున్నవి. పట్టణములలోని కుమారులు కొని తెత్తుమనుచున్నారు. విదేశములందున్న కూతుండ్రు పంపెదమనుచున్నారు. వీని వెల వేల రూపాయలలో నుండును. కొన్నింటి వెల లక్షకూడ దాటును. అంత ధనము వెచ్చించుటకు ముందు ఇంటి పెద్దలు విచారింపవలసిన సంగతులను నేనిప్పుడు మనవి చేసెదను.

మొదట, మర యెందులకు? వేయించిన గింజలో సువాసననిచ్చు పదార్థములు ఇమిడియుండును. గింజ పగిలినంతనే గాలి సోకు భాగము పెక్కురెట్లు పెరిగి, ఆ సువాసన త్వరగా వెడలిపోవును. మూసిన డబ్బాలో గింజగా నున్నచో కొన్ని వారములు నిలుచు గుణము, పొడియై గాలి తగిలినచో కొలది కాలములోనే క్షీణించును. అప్పుడు దంచిన మిరియములతో కాచిన చారునకును, నెలనాటి పొడితో కాచిన చారునకును గల భేదమును మీరెరుగుదురు గదా! కావున ఇట్టి యంత్రమునకు ప్రాణము మరయే గాని, పైని వెలుగు దీపములును మీటలును గావు.

మరలు రెండు విధములు. ఒకదానిలో కత్తిరెక్కలు గిరగిర తిరిగి గింజలను తుత్తునియలు చేయును. కొంత దుమ్మగును, కొంత నూకగా నిలుచును. దుమ్ము చేదునిచ్చును, నూక సారము నీయదు. రెండవదానిలో పండ్లుగల రెండు చక్రములు మన తిరగలి రాళ్లవలె ఎదురెదురుగా నుండును. వాని నడుమ ఎడమును తగ్గించినచో మెత్తనగును, పెంచినచో బరకయగును. కొనదగినది ఈ రెండవదియే. అంగడిలో కొన్ని గింజలు విసరించి, పొడిని వ్రేళ్లనడుమ రాచి చూడుడు. దుమ్మును నూకయు కలిసి తగిలినచో ఆ యంత్రమును విడువుడు.

పొడి యెంత మెత్తగా నుండవలెనో, నీరు దానితో నుండు కాలమును బట్టి నిర్ణయింపవలెను. ఒత్తిడితో నీటిని త్రోయు ఎస్ప్రెసో యంత్రమున 25, 30 సెకనులలో పని ముగియును గాన మిక్కిలి మెత్తని పొడి కావలెను. నీరు బొట్లుగా పడు యంత్రమున కొన్ని నిమిషములు పట్టును గాన మధ్యరకము చాలును. ఒక లీటరు నీటికి సుమారు 60 గ్రాముల పొడి తగిన కొలత.

ఇక మన అలవాటు సంగతి. మన యిండ్లలో పెక్కుమంది చికోరీ కలిసిన పొడితో డికాక్షను దింపి, పాలు కలిపి త్రాగుదురు. చికోరీ గింజ గాదు; వేయించిన వేరు. దానిని గింజల మరలో వేయరాదు. కావున చికోరీ కోరువారికి అంతర్గతమైన మరవలన లాభము తక్కువ. సిద్ధపు పొడి వేయుటకు యంత్రమునకు వేరు ద్వారము గలదో లేదో ముందుగా అడుగవలెను.

మరి నాలుగు జాగ్రత్తలు. అమెరికాలో అమ్ము యంత్రములు 120 వోల్టులకు చేయబడినవి. మన విద్యుత్తు 230 వోల్టులు. నేరుగా తగిలించినచో అవి చెడిపోవును. నీటి ఆవిరి మరలోనికి ఎక్కునట్లున్నచో పొడి తడిసి దారి మూసికొనును. మిక్కిలి నల్లగా వేగి నూనె తేలిన గింజలు పండ్లకు అంటుకొనును. కావున మర పైభాగము చేతితో ఊడదీసి శుభ్రపరచుటకు వీలుగా నుండవలెను. సున్నపు గుణముగల బోరునీరు లోపల పెచ్చుకట్టును, మంచినీరే పోయవలెను.

ఇంకొక మాట. మరయు కాఫీ దింపు భాగమును ఒక్కటిగా నున్నచో, ఒకటి చెడినను రెండును బాగుచేయువానియొద్దకు పోవలెను. ఆ పని తెలిసినవాడు సమీప పట్టణమున ఉన్నాడో లేడో కనుగొనకుండ కొనుట తగదు.

నా అభిప్రాయ మిది. పాలు లేక, చికోరీ లేక, దినమునకు పలుమారులు కాఫీ త్రాగు కుటుంబమునకు ఇట్టి యంత్రము ఉపయోగించును. తక్కినవారికి చేతితో త్రిప్పు చిన్న మరయు, ఇంటనున్న ఫిల్టరును చాలును. చికోరీ వలయునన్న దాని పొడిని వేరుగా కొని తరువాత కలుపుకొనవచ్చును. మన అరకులోయలో గిరిజన రైతులు పండించు అరబికా కాఫీకి 2019వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. అట్టి మంచి గింజను వేయించినది కొద్దికొద్దిగా తెచ్చుకొని, కావలసినపుడే విసరికొన్నచో, వేల రూపాయల యంత్రమిచ్చు రుచిలో ముఖ్యభాగము స్వల్పవ్యయముతోనే మీ యింట చేకూరును. రుచి తాజాదనమున నున్నది. యంత్రము దానికి సాధనము మాత్రమే.